ఆ మొహం ఎందుకు వదిలేశాడో రాయి

అబ్బయ్యా,

నీ పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు కథ పన్నెండో పేజీ దాకా చదివి, ఆపేసి, లేచి వెళ్లి టీ పెట్టుకున్నాను. "కెమెరా క్లిక్‌మంది. అతని గుండెలో మెరుపు మెరిసింది. అతనిలో ఇన్నాళ్లూ నిద్రపోయిన కళాకారుడు ఒళ్లు విరుచుకుని లేచాడు." లేచి ఏం చేశాడయ్యా ఆ కళాకారుడు? మర్నాడు కందుకూరులో పెళ్లి ఒప్పుకున్నాడనీ, అడ్వాన్సు కూడా తీసుకున్నాడనీ రెండో పేజీలో నువ్వే రాశావు. ఆ పెళ్లికి వెళ్లాడా, ఎగ్గొట్టాడా? కథ అయిపోయింది గానీ ఆ అడ్వాన్సు సంగతి తేలలేదు.

టీ తాగి మళ్లీ కూర్చున్నాను కాబట్టి సరిపోయింది. పద్నాలుగో పేజీలో ఆ ముసలామె మాట కంటబడకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. మన నెల్లూరులో మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండగలో, స్వర్ణాల చెరువులో నడుం లోతు నీళ్లలో నిలబడి, తల మీద కొంగు జారకుండా పళ్లతో పట్టుకుని, ఫొటో తీసినవాణ్ణి అడుగుతుంది చూడు, "నా మొహం పడిందా నాయనా?" అని. అతను "లేదమ్మా, చేతులే పడ్డాయి" అంటాడు. ఆ రెండు ముక్కలూ బాగున్నాయి. చాలా బాగున్నాయి. నువ్వు మాత్రం వాటిని దారిలో పడున్న పుల్లల్లాగా దాటేసి మళ్లీ సూర్యాస్తమయం దగ్గరికి, మళ్లీ మెరుపు దగ్గరికి పోయావు.

పెళ్లి ఫొటోలు తీసేవాడికి మొహం అంటే ఏంటో నీకు తెలుసా? నాకు తెలుసు. చదువైపోయి ఉద్యోగం దొరక్క తిరిగే రోజుల్లో కావలిలో ఒక స్టూడియోలో సాయంత్రాలు ఆల్బమ్‌లు అంటించాను. నల్లట్ట పేజీలు, ఫొటో నాలుగు మూలలకీ కార్నర్లు, పేజీకీ పేజీకీ మధ్య సాలెగూడు డిజైన్ వేసిన పల్చటి కాగితం, ఇంటికొచ్చి సబ్బుతో ఎంత రుద్దినా పోని, ఫొటోలు కడిగే హైపో మందు వాసన. ఒకసారి పెళ్లికూతురి మేనమామ వచ్చి ఆల్బమ్ ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ తిప్పి, తన మొహం కనబడాల్సిన చోటల్లా ఎవరిదో పూలదండ అడ్డమొచ్చిందని, బాకీ డబ్బులు ఇచ్చేది లేదని భీష్మించుకు కూర్చున్నాడు. పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకొచ్చిన మనిషి, ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. మా ఓనరు ఆ పెళ్లి నెగటివ్‌లన్నీ ట్యూబ్‌లైటుకి పెట్టించి నాచేత వెతికించాడు. చివరికి ఆయన నిండు మొహం భోజనాల బంతిలో దొరికింది, నోట్లో సగం లడ్డూతో. దాన్నే పెద్దది చేసి ఫ్రేము కట్టిచ్చాం. డబ్బులిచ్చి, ఇంకో కాపీ కూడా అడిగి తీసుకెళ్లాడు.

ఆ వ్యాపారంలో తిండి పెట్టేది మొహం. అలాంటి తిండి ఏళ్ల తరబడి తిన్నవాడు, ఎదురుగా అంత ముసలి మొహం, అన్ని ముడతలు పెట్టుకుని, దాన్ని వదిలేసి చేతులు తీశాడు. ఎందుకు తీశాడు? నీ కథ అదే! ఆమె కొంగు అడ్డమొచ్చిందా? ఒడ్డున నిలబడి, ప్యాంటు తడుస్తుందని నీళ్లలోకి దిగలేక, ఉన్న లెన్సుకి అంతకంటే అందలేదా? లేకపోతే ఆమె మొహం చూసి, ఇది నేను తియ్యకూడదు అనుకున్నాడా? ఏదో ఒకటి తేల్చుకో. తేల్చుకున్నాక మెరుపులు వాటంతటవే రాలిపోతాయి.

కొండల ఫొటోలకి పేరుపడ్డ ఫొటోగ్రాఫరు యాన్సెల్ ఆడమ్స్ సంగతి విను. 1927 ఏప్రిల్ 10. అమెరికాలో యోసెమిటీ కొండలోయ. అప్పటికి ఆయనకి పాతికేళ్లు. కాబోయే భార్య వర్జీనియా, ఇంకొందరు స్నేహితులు వెంట రాగా, హాఫ్ డోమ్ కొండకి ఎదురుగా డైవింగ్ బోర్డ్ అనే రాతి మొన మీదికి బరువైన కెమెరా, ఫిల్మ్‌కి బదులు ఒక్కో ఫొటోకి ఒక్కోటి వాడే గాజు ప్లేట్లు మోసుకుంటూ ఎక్కాడు. తీసుకెళ్లిన పన్నెండు ప్లేట్లలో అక్కడికి చేరి, కొండ మీద ఎండ సరిగ్గా పడేవేళకి మిగిలినవి రెండే. మొదటిదాన్ని మామూలు పసుపు ఫిల్టర్‌తో తీశాడు. తీశాక అనుమానమొచ్చింది. దీంతో ఆకాశం బూడిదరంగులో వస్తుంది, తన కళ్లముందు నిటారుగా భయపెడుతున్న రాయి ఫొటోలో ఉత్త రాయి అయిపోతుంది. చివరి ప్లేటుకి ముదురు ఎరుపు ఫిల్టర్ తొడిగాడు. ఎరుపు ఫిల్టర్ నీలం వెలుతుర్ని లోపలికి రానివ్వదు కాబట్టి ఆకాశం దాదాపు నల్లబడుతుంది, పక్కన మంచు తెల్లగా మండుతుంది. వెలుతురు బాగా తగ్గిపోతుంది కాబట్టి ఐదు సెకన్లు తెరిచి ఉంచాలి. ఉంచాడు. తియ్యకముందే బొమ్మని మనసులో చూడటం తనకి ఆ ప్లేటుతోనే మొదలైందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

ఇందులో ఎక్కడైనా గుండెలో మెరుపు ఉందా? ముందు తీసిన ప్లేటు మీద అసంతృప్తి ఉంది, సంచిలో ఇంకో ఫిల్టర్ ఉంది, మిగిలిన ప్లేటు ఒక్కటే ఉంది. మనిషి మారే చోట చేతులు ఏదో పని చేస్తుంటాయి, ఆ పని రాయమని నేను ముప్పై ఏళ్లుగా మొత్తుకుంటున్నాను, సభల్లో చెప్తే ఈయనకి ఇంకో మాట రాదని నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

నువ్వేమో నీ మెయిల్‌లో ఫ్రెంచి ఫొటోగ్రాఫరు కార్టియర్-బ్రెసన్ పేరెత్తి, అన్నీ సరిగ్గా కుదిరే ఆ ఒక్క క్షణాన్నే పట్టుకోవాలనే అర్థంలో నిర్ణాయక క్షణం అని పెద్ద మాట వాడావు. అందరూ ఆయన్ని చూపించే ఈ మెరుపుల వ్యాపారం చేస్తారు. ఆయన్ని కెమెరా వైపు తిప్పిన ఫొటో ఆయన తీసిందే కాదు. మార్టిన్ ముంకాచీ అనే ఆయన తీసింది, ముగ్గురు ఆఫ్రికా కుర్రాళ్లు అలల్లోకి పరిగెత్తుతుంటే వెనక నుంచి తీసిన ఫొటో. బొమ్మలు వెయ్యడం నేర్చుకున్న మనిషి అది చూసి కెమెరా పట్టాడు. వెతికి చూడు, అందులో కూడా ఒక్క మొహం కనబడదు.

ఇక నన్ను నిజంగా చిరాకు పెట్టిన సంగతి. మీ ఫొటోగ్రాఫరు రోహిణీ కార్తె ఎండలో మాడిపోతూ చెరువు గట్టు మీద నిలబడ్డాడు, ఫొటో తీసి వెంటనే కెమెరా వెనక తెర మీద చూసుకున్నాడు. మాది ఆ చెరువు దగ్గరి దర్గామిట్ట, పండగొస్తే మా వీధిలోకి స్కూటరు కూడా రాదు, నా దగ్గర ఇవి చెల్లవు. మొహర్రం ఏటా పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. అది రోహిణీ కార్తెలో పడింది 1996 ప్రాంతంలో, మళ్లీ అలా రావాలంటే 2028 దాకా ఆగాలి. డిజిటల్ కెమెరాలు మన ఊళ్లలో స్టూడియోలకి చేరిన 2009 ప్రాంతంలో ఆ పండగ జనవరిలోనో డిసెంబర్‌లోనో వచ్చింది, తెల్లారుజామున చెరువులో దిగినవాళ్లు వణికిపోయారు. కాబట్టి ఎండైనా తీసెయ్, తెరైనా తీసెయ్.

నన్నడిగితే తెర తీసెయ్. 1996 పెట్టుకో. చేతిలో ఫిల్మ్ కెమెరా, రోలులో ముప్పై ఆరు ఫొటోలు, వాటిలో చాలా భాగం ఆ పొద్దున ఎవరిదో ఓణీల ఫంక్షన్‌లో అయిపోయాయి, మిగిలినవి రెండో మూడో. ఏం పడిందో రోలు కడిగేదాకా తెలీదు. అప్పుడు ఆమె "పడిందా?" అంటే అతను "చేతులే పడ్డాయి" అని అంత ధీమాగా చెప్తున్నాడంటే, తెర చూసి చెప్పడం లేదు, కావాలనే వదిలేశానని తనకి తెలిసి చెప్తున్నాడు. ఒక్క మార్పుతో నీ మనిషి ఎంత ఎత్తు పెరిగాడో చూశావా?

ఇంకోటి. ఏ రొట్టె? కథ మొత్తం "రొట్టె" అనే రాశావు. అక్కడ నీళ్లలో నిలబడి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె అని పేరు పెట్టి అడుగుతారు, ఈమధ్య వీసా రొట్టె కూడా వచ్చింది. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కోరుకునేవాళ్లు పట్టుకుంటారు. ఆ ముసలామెవి ఇచ్చే చేతులా, పుచ్చుకునే చేతులా? ఫొటోలో చేతులే ఉన్నప్పుడు చూసేవాడు మొదట వెతికేది అదే కదా. ఆ వయసులో ఆమె సంతానం రొట్టె పట్టుకుంటోందనుకో, ఎవరి కోసం పట్టుకుంటోందో ఒక్క ముక్క కూడా రాయక్కర్లేదు.

కథలో మలుపు ఉండాలని నీకెవరు చెప్పారో నాకు తెలుసు. మా కాలంలోనూ చెప్పారు. తిరుగు టపా స్టాంపులు అంటించిన కవరు పెట్టి పంపితే, ఒక వారపత్రిక నుంచి నా కథ "మలుపు లేదు" అని ఎర్రసిరాతో తిరిగొచ్చింది. ఇంకోచోట వేసుకున్నారు గానీ మధ్యలో రెండు పేరాలు తలనూనె ప్రకటన కింద పోయాయి, ఆ రెంటిలోనే మా నాయన వడ్లు కొలిచే తీరు ఉంది. ఇప్పుడు పోటీల వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు, "మానవీయ విలువలు, ఆశావహ ముగింపు, పదిహేను వందల పదాలు మించరాదు" అని ప్రకటనలోనే కథ రాసేసి, పైన మన పేరు వేస్తే చాలంటున్నారు. నీ చివరి పేజీలో అతనికి ఢిల్లీలో అవార్డు వచ్చింది ఎందుకో నాకు అక్కడ అర్థమైంది. కొట్టెయ్.

మాండలికంలో రాయొచ్చా అని అడిగావు. ఆ ముసలామె మాట్లాడినంత సేపూ రాశావు, ఎవర్ని అడిగి రాశావు? అలాగే రాయి. అంతేగానీ ఇప్పుడు ఫ్యాషనైందని ప్రతి వాక్యం చివరా "అబ్బయా", "యాడికి" చల్లొద్దు, మన నెల్లూరువాళ్లమే చదివి నవ్వుకుంటాం. కలం పేరు గురించి, ముందుమాట గురించి కూడా ఏవో అడిగినట్టున్నావు.

పోటీ గడువు నెలాఖరు అన్నావు. దానికి ఇది పంపొద్దు, ఇంకేదైనా ఉంటే పంపుకో. మర్నాడు ఆ పెళ్లికి అతన్ని పంపు. వెళ్లాలి, అడ్వాన్సు తిన్నాడు కదా. అక్కడ వరసగా నిలబడ్డ చుట్టాలు "మా మొహాలు పడ్డాయా?" అని అడుగుతుంటే ఏం చేస్తాడో చూసి రాయి, తొందరేం లేదు. తిరగరాశాక పీడీఎఫ్ కాకుండా వర్డ్ ఫైలు పంపు, నా కళ్లకి అక్షరాలు పెద్దవి చేసుకోవాలి. పేజీల నంబర్లు కూడా సరిచూసుకో, పదహారు తర్వాత పద్దెనిమిది వచ్చింది, పదిహేడు నీ దగ్గరే ఉండిపోయినట్టుంది.