మొదటి గడి చదివి మాట్లాడు

బిడ్డా,

ఎమ్మెల్యేగా అసెంబ్లీలో బడ్జెట్ మీద పది నిమిషాలు మాట్లాడమన్నారని, ఏం మాట్లాడాలో తోచడం లేదని ఫోన్ చేశావు. ఫోన్‌లో తేలే పని కాదు, అందుకే రాస్తున్నా.

ఆర్థిక మంత్రి ప్రసంగం అయిపోగానే మీ అందరికీ పుస్తకాల కట్టలిస్తారు. చాలామంది వాటిని గన్‌మన్ చేతికిచ్చి కారు డిక్కీలో వేయిస్తారు. నువ్వు గృహ నిర్మాణం, పురపాలక శాఖల పద్దులున్న పుస్తకాలు ఇంటికి తెచ్చుకో. ఒక్కో పద్దుకు నాలుగు గడులుంటాయి: పోయినేడు అయిన అసలు ఖర్చు, ఈ ఏటి అంచనా, దాని సవరణ, వచ్చే ఏటి అంచనా. పేపర్లు రాసేదీ, మనవాళ్లు బల్లలు చరిచేదీ చివరి గడికే. నువ్వు మొదటిది చదువు. ఖజానా నుంచి నిజంగా బయటికొచ్చిన డబ్బు అదొక్కటే. అదే ఏడాదికి అప్పట్లో ఎంత ప్రకటించారో పాత పుస్తకంలో చూసి పక్కన రాసుకో. అసెంబ్లీ లైబ్రరీలో అడిగితే ఇస్తారు. ఆ రెండంకెల మధ్య తేడానే నీ ప్రసంగం.

పద్దు నంబర్లను చూసి భయపడకు. 2, 3తో మొదలైతే రెవెన్యూ ఖర్చు, అంటే జీతాలు, నిర్వహణలాంటివి; 4, 5తో మొదలైతే మూలధన వ్యయం, అంటే కొత్తగా కట్టేవి; 6, 7 అయితే అప్పుగా ఇచ్చిన సొమ్ము. ఇళ్లు 2216, 4216, 6216ల్లో ఉంటాయి. రోడ్లు, వంతెనలు 3054, 5054. నీళ్లు, పారిశుద్ధ్యం 2215, 4215. 2025-26లో మన తెలంగాణ బడ్జెట్ 3,04,965 కోట్లయితే మూలధన వ్యయం కింద చూపింది 36,504 కోట్లు. నూటికి పన్నెండు. అలాగని రెవెన్యూ ఖర్చంతా దుబారా అని టీవీ చర్చల్లో అన్నట్టు అనకు. వానాకాలానికి ముందు వాన నీళ్లు పోయే నాలాల్లో పూడిక తీయడం నిర్వహణ ఖర్చే. దానికి శిలాఫలకం ఉండదు, అందుకే అడిగే ఎమ్మెల్యే ఉండడు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలు మునిగాక గానీ నాలాలు గుర్తుకు రాలేదు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఇంకా పనిచేస్తున్నాయంటే కట్టినవాళ్ల గొప్ప ఒక్కటే కాదు, గేట్లు చూసుకునే మనుషులకు ఏటా జీతాలందడం కూడా.

ఇక ఇళ్లు. నీ ఆఫీసుకొచ్చే అర్జీల్లో సగానికి పైగా ఇవే ఉంటాయి, రాసిపెట్టుకో. ఇందిరమ్మ ఇళ్లు నియోజకవర్గానికి 3,500 అని చెప్పారు. ఇంటికి 5 లక్షలు, పునాది నుంచి పూర్తయ్యేదాకా దశలవారీగా. సొంత జాగా ఉన్నవాళ్లకు మంచిదే. కానీ నీ బస్తీలో గది అద్దెకుండే ఆటో డ్రైవర్‌కు జాగా ఎక్కడిది? కాబట్టి నగరానికి అపార్ట్‌మెంట్లే దిక్కు. అవి ఎక్కడ కడతారన్నదే అసలు తగవు. సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లున్న చోటే 396 ఇళ్లు కట్టారు. 2015 నవంబరులో వాటిలోకి వెళ్లినవాళ్ల పని, పిల్లల బడి, కిరాణా కొట్టు ఏవీ మారలేదు. కొల్లూరులో 15,660 ఇళ్లు ఒకేచోట లేచాయి, 2023 జూన్‌లో ప్రారంభించారు. ఔటర్ రింగు రోడ్డు దగ్గర. జాగా దొరికిన చోట కట్టారు, తప్పు పట్టలేం. అయితే పాతబస్తీలో నాలుగిళ్లలో పనిచేసే ఆమెకు ఆ దూరం అంటే రెండిళ్ల పని పోయినట్టే. అందుకే ఇళ్ల పద్దు మీద మాట్లాడితే ఇంటి ఖరీదుతో ఆగకు. బస్సు ఎన్ని ట్రిప్పులు, బడి ఎక్కడ, మురుగు లైను ఎవరి పద్దులో ఉంది, లిఫ్టు చెడితే ఎవరు బాగుచేయిస్తారు, అడుగు. ఇల్లు కట్టేదొక శాఖ, నీళ్లిచ్చేది జలమండలి, రోడ్డు ఇంకొకరిది. వీళ్లందరినీ ఒక గదిలో కూర్చోబెట్టగలిగేది ఎమ్మెల్యేనే.

కేటాయింపు రాగానే స్వీట్లు పంచకు. పరిపాలనా అనుమతి జీవో, సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు, ఎం-బుక్‌లో (చేసిన పని రాసే పుస్తకం) కొలతలు, బిల్లు, దానికి ఖజానాలో ఇచ్చే టోకెన్, ఇవన్నీ దాటాక కాంట్రాక్టర్‌కు డబ్బు. చాలా పనులు ఆగేది చివరి రెండు మెట్ల మీదే. సైటుకు వెళ్లినప్పుడు ఫొటో తర్వాత దిగొచ్చు, ముందు పని చూసే ఇంజినీరు ఏఈని ఎం-బుక్ తెమ్మను. చివరి కొలత ఏ తేదీన రాశారో, పై ఇంజినీరు డీఈఈ సంతకం ఉందో లేదో చూడు. మూడు నెలల కిందటి తేదీ ఉండి కూలీలు లేకపోతే బిల్లు ఆగిందని అర్థం. అప్పుడు కాంట్రాక్టర్ మీద అరిచి లాభం లేదు, సచివాలయంలో ఆర్థిక శాఖకు వెళ్లాలి.

ప్రభుత్వ కార్పొరేషన్ల పేరున సర్కారు హామీతో తెచ్చే అప్పులు బడ్జెట్ మొత్తంలో కనిపించవు. 2022 నుంచి కేంద్రం వాటిని రాష్ట్ర అప్పు పరిమితిలో కలిపి లెక్కిస్తోంది. హామీల పట్టిక కూడా ఒకసారి తిరగేయి.

సభలో టైము పార్టీ బలాన్ని బట్టి ఇస్తారు, నీదాకా వచ్చేసరికి స్పీకర్ గంట కొడతారు. ఆఖరి రోజు మిగిలిన పద్దులన్నీ గిలెటిన్ చేసి చర్చ లేకుండానే గట్టెక్కిస్తారు. కాబట్టి ప్రసంగాన్నే నమ్ముకోకు. నక్షత్ర గుర్తు లేని ప్రశ్న వేయి: ఫలానా పనికి జీవో ఎప్పుడిచ్చారు, అగ్రిమెంటు ఎంతకు, చెల్లించింది ఎంత, బకాయి ఎంత. రాతపూర్వక జవాబు రికార్డులో ఉంటుంది. ఏడాది తర్వాత అదే కాగితంతో మళ్లీ అడగొచ్చు.

మొదటి ప్రశ్న నాలాదా, ఇళ్లదా తేల్చుకుని ముసాయిదా పంపు. వాక్యాలు నేను సరిచేస్తా, అంకెలు మాత్రం నువ్వే చూసి వేయాలి.

మీ పెద్దనాన్న