‘నల్లగా ఉన్నా’లో ఏముంది?

సందేహం: మా కొత్తకోడలిని చూసి వెళుతూ పక్కింటి పెద్దావిడ ‘నల్లగా ఉన్నా కళగా ఉందమ్మా’ అన్నారు. నేను సంతోషించాను. మా అమ్మాయి మాత్రం అది వర్ణవివక్ష అంటున్నది. మెచ్చుకోలులో తప్పేముంది?
— ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

సమాధానం: ‘నలుపు’ తిట్టు కాదు, ‘కళ’ మెచ్చుకోలే. చిక్కంతా ఆ రెంటినీ కలిపిన ‘ఉన్నా’లో ఉన్నది. ‘ఉన్నప్పటికీ’ అనే అర్థమిచ్చే ఈ రూపాన్ని వ్యాకరణం అప్యర్థకం అంటుంది. ‘వాన కురిసినా చెరువు నిండలేదు’ అన్నప్పుడు, వాన కురిస్తే చెరువు నిండాలన్న సంగతిని పైకి అనకుండానే వినేవారి చేత ఒప్పిస్తాము. నలుపు ఉన్నచోట కళ ఉండదన్న నమ్మకం ఆవిడ వాక్యంలోనూ అలాగే ముందే ఇమిడి ఉన్నది. ‘తెల్లగా ఉన్నా కళగా ఉంది’ అని ఒకసారి పైకి అని చూడండి. ఎబ్బెట్టుగా తోస్తే అది వ్యాకరణదోషం వల్ల కాదు. అన్నవారు తాము మెచ్చుకున్నామనే అనుకుంటారు, నొచ్చుకున్నవారికి ఇదీ తప్పు అని వేలు పెట్టి చూపడానికి ఒక్క చెడ్డమాటా దొరకదు. అందుకే ఇటువంటివి ఎవరి పట్టింపుకూ రావు.

అప్యర్థకం అన్నిచోట్లా దోషం కాదు. ఆమధ్య గుంటూరు బస్సులో ఒక ఆఫ్రికా విద్యార్థి కండక్టరును ‘మంగళగిరి ఒకటి ఇవ్వండి’ అని అడిగితే, నా పక్కనున్నాయన ముచ్చటపడి ‘నల్లోడైనా తెలుగు బాగా మాట్లాడుతున్నాడే’ అన్నాడు. ‘పరదేశి అయినా’ అని ఉంటే సరిపోయేది, పరదేశికి తెలుగు రాకపోవడం సహజం గనుక. ఒంటి రంగుకూ తెలుగుకూ అటువంటి లంకె ఉంటే, నాతో సహా ఆ బస్సులో సగంమందికి తెలుగు రాకూడదు.

పోతన గోపికలు కృష్ణుడి ఆనవాళ్లు చెబుతూ మల్లెలను అడిగినప్పుడు ‘నల్లనివాడు, పద్మనయనంబులవాడు’ అన్నారే గాని ‘నల్లనివాడైనా’ అనలేదు.

ఇక ‘వర్ణవివక్ష’ అనవచ్చునా? దక్షిణాఫ్రికాలో 1948 నుంచి చట్టాలతో సాగిన దుర్మార్గానికి పత్రికలు ఈ మాటనే వాడడం వల్ల, ఇంటి గుమ్మంలో మాటకు ఇది మరీ పెద్దదనిపిస్తుంది. సంస్కృతంలో ‘వివక్ష’ అంటే చెప్పాలనే కోరిక. వేరుచేసి తక్కువగా చూడడమన్నది తెలుగులో స్థిరపడిన అర్థం. పెద్దావిడ మాటలో మొదటి అర్థంలో వివక్ష లేదు, రెండో అర్థంలో ఉన్నది. కనుక మీ అమ్మాయి ప్రయోగం సాధువే. కోడలితో మాత్రం, ఆవిడ ‘కళగా ఉంది’ అన్నారని చెప్పండి. ఆ వాక్యానికి అంతకంటే ఏమీ అక్కరలేదు.