అభిప్రాయాలు కలవనివారు వాదులాటకు దిగకుండా ఎలా చర్చించుకోవాలి?

ప్రాచీన భారతీయ తర్కశాస్త్ర గ్రంథమైన గౌతముని న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విభజించాయి. సత్యం తేల్చుకోవడానికి ఇరుపక్షాలూ ప్రమాణాలతో, తర్కంతో మాట్లాడుకోవడం వాదం. గెలుపు కోసం ఛలానికి, అంటే ఎదుటివారి మాటకు వారు ఉద్దేశించని అర్థం అంటగట్టడానికి సైతం వెనుకాడనిది జల్పం. తన పక్షమేదీ నిలబెట్టకుండా ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండ. మనం నేటికీ ‘వితండవాదం’ అని విసుక్కునేది దీనినే.

ఆచరణలో అన్నిటికన్నా ఉపకరించేది, నా దృష్టిలో, శాస్త్రకారులు సిద్ధాంతానికి, అంటే తమ నిర్ణయానికి, ముందు ఉంచే పూర్వపక్షం: ఎదుటివారి వాదాన్ని, వారే ‘అవును, నేనన్నది ఇదే’ అని ఒప్పుకొనేంత నిజాయితీగా మనమే చెప్పి, ఆ తరువాతే సమాధానమివ్వడం. కూతురిని దూరపు కళాశాలకు పంపే విషయంలో తల్లిదండ్రులు విభేదించినప్పుడు, తండ్రి ముందుగా తల్లి భయాన్ని ఆమె మాటల్లోనే చెప్పగలిగితే, అసలు పట్టింపు చదువు గురించా, భద్రత గురించా అన్నది స్పష్టమవుతుంది.