టీటన్ కొండల కింద చెక్క చర్చి

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి వాళ్లు ఎల్లోస్టోన్ చూసి వస్తూ దారిలో ఒక చిన్న చెక్క చర్చి ఫొటో పంపారు. బలిపీఠం వెనక పెద్ద కిటికీ, అందులోంచి మంచు కొండలు. ప్రార్థనలు వేసవిలోనేనట. దాన్ని ఎందుకు కట్టారు?
- ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ఆనవాళ్లను బట్టి అది వయోమింగ్ రాష్ట్రంలో, గ్రాండ్ టీటన్ నేషనల్ పార్కులోని మూస్ అనే చోటి దగ్గరున్న చాపెల్ ఆఫ్ ద ట్రాన్స్‌ఫిగరేషన్ అండీ. 1925లో కట్టారు, అప్పటికింకా ఆ పార్కే లేదు, అది 1929లో వచ్చింది.

ఈ చర్చి ఉన్న లోయను జాక్సన్ హోల్ అంటారు, అక్కడ చలికాలం పశువులను మేపి బతికించుకోవడం మహా కష్టం, అందుకని అక్కడి రాంచ్‌ల, అంటే పశువుల పెంపకం క్షేత్రాల వాళ్లు కొందరు తూర్పు నగరాల నుంచి వేసవికి వచ్చే డబ్బున్నవాళ్లకు బస, భోజనం, తిరగడానికి గుర్రం ఇచ్చి బతకడం మొదలుపెట్టారు. వీటినే డ్యూడ్ రాంచ్‌లంటారు, 1912లో పెట్టిన బార్ బీసీ వాటిలో పేరున్నది. ఆదివారం ప్రార్థనకు జాక్సన్ ఊరు వెళ్లాలంటే గుర్రబ్బండి మీద చాలా దూరం. ఆ అతిథుల కోసం, రాంచ్‌లలో పనిచేసేవాళ్ల కోసం కట్టిందే ఈ చర్చి. వాళ్లుండేది వేసవిలో, కాబట్టి ప్రార్థనలూ వేసవిలోనే.

స్థలం ఇచ్చినావిడ మాడ్ నోబుల్. పక్కనే స్నేక్ నది మీద బల్లకట్టు నడిపేది, 1918లో కొనుక్కుంది. ఈ లోయను అమ్మకాల పాలు కాకుండా ఎలా కాపాడాలా అని 1923లో స్థానికులు, ఎల్లోస్టోన్ పార్కు అధికారి హొరేస్ ఆల్‌బ్రైట్ కూర్చుని మాట్లాడుకున్నది కూడా ఈవిడ ఇంట్లోనే. బల్లకట్టు మాత్రం 1927లో వంతెన రాగానే ఆగిపోయింది. ఈవిడ గురించి మనవాళ్లు ఎక్కువ చెప్పుకోరు, చెప్పుకోవాలి.

ఇక ఆ కిటికీ. గోడలు దుంగలవి, బెంచీలు ఆస్పెన్ కలపవి, బలిపీఠం వెనక పటమో విగ్రహమో పెట్టకుండా మామూలు గాజు బిగించి వదిలేశారు, దాంతో 4,199 మీటర్ల గ్రాండ్ టీటన్ శిఖరం సరిగ్గా అందులోకి వచ్చి నిలబడుతుంది. కట్టినవాళ్ల అభిరుచికి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

ఇప్పటికీ అది జాక్సన్‌లోని సెయింట్ జాన్స్ ఎపిస్కోపల్ (ఇదొక క్రైస్తవ శాఖ) చర్చి వాళ్లదే. మీ అమ్మాయి వాళ్లు మళ్లీ వెళ్తే ఫొటో తీసుకుని వచ్చేయకుండా కాసేపు బెంచీ మీద కూర్చోమనండి, తర్వాత నది వైపు నడిస్తే మాడ్ నోబుల్ ఇల్లు కూడా చూడొచ్చు.