దేవుడు మెచ్చాడు కాబట్టి మంచిదా? – ‘కాబట్టి’తో వచ్చిన చిక్కు

సందేహం: ప్లేటో రాసిన ‘యూథిఫ్రో’ సంభాషణలోని ప్రశ్నను నేను తెలుగులో ఇలా రాశాను: ‘దేవుడు మెచ్చాడు కాబట్టి అది మంచిదా, మంచిది కాబట్టి దేవుడు మెచ్చాడా?’ చదివిన స్నేహితుడు ‘రెండూ ఒకటేగా!’ అన్నాడు. లోపం నా వాక్యంలో ఉందా?

సమాధానం: వ్యాకరణదోషం ఏమీ లేదు. చిక్కంతా మొదటి ‘కాబట్టి’లో ఉంది. ‘నిప్పుంది కాబట్టి పొగ వస్తోంది’ అన్నప్పుడు కారణం చెబుతున్నాం. ‘పొగ వస్తోంది కాబట్టి నిప్పుంది’ అన్నప్పుడు పొగ నిప్పును పుట్టించిందని కాదు, పొగను బట్టి నిప్పున్న సంగతి తెలిసిందని. మొదటిది కారకహేతువు, రెండోది జ్ఞాపకహేతువు. దండి రాసిన అలంకారశాస్త్ర గ్రంథం కావ్యాదర్శంలోనూ ఈ విభజన ఉంది.

మీ మిత్రులు మీ వాక్యాన్ని రెండో రకంగా చదివారు: దేవుడు మెచ్చాడంటే అది మంచిదే అయి ఉంటుందని. అలా చదివితే ఇక ప్రశ్నే మిగలదు. ఆ సంభాషణలో సోక్రటీస్ యూథిఫ్రో అనే వ్యక్తిని అడిగింది అది కాదు. యూథిఫ్రో కన్నతండ్రి మీదే హత్య కేసు పెట్టడానికి వచ్చాడు. ఇంటి బానిసను చంపిన కూలివాణ్ణి తండ్రి కాళ్లూ చేతులూ కట్టించి గోతిలో పడేయిస్తే, వాడు అక్కడే చనిపోయాడు. తను చేస్తున్నది దేవతలు మెచ్చే పనే అని యూథిఫ్రోకు గట్టి ధీమా. (మూలంలో దేవతలు అనేకులు, మాట కూడా ‘మంచి’ కన్నా ‘పుణ్యం’కి దగ్గర.) ఆ మెప్పే మంచిని పుట్టిస్తోందా, ముందే ఉన్న మంచి మెప్పును తెస్తోందా? మొదటిదే నిజమైతే, రేపు దేవుడు క్రూరత్వాన్ని మెచ్చినా అది మంచే అవ్వాలి. రెండోదైతే, మంచికి ఆధారం దేవుడి ఇష్టంలో లేనట్టే. తర్వాతి తత్వవేత్తలు ఇంతగా వాదించుకున్నది ఇక్కడే.

అందుకని ‘వల్ల’ వాడండి: ‘దేవుడు మెచ్చడం వల్ల అది మంచిదైందా, మంచిది కావడం వల్ల దేవుడు మెచ్చాడా?’ ఇప్పుడు రెండో అర్థానికి చోటు లేదు. ‘పొగ రావడం వల్ల నిప్పుంది’ అని ఎవరూ అనరు కదా.

‘వేదం చెప్పింది కాబట్టి ధర్మం’ అనే మాట సంగతి వేరు. దీన్ని ‘దేవుడి ఆజ్ఞే ధర్మం’ అనే వాదంతో కలిపేసి రాస్తుంటే నాకు బాధగా ఉంటుంది. వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసా దర్శనానికి మూలమైన జైమిని సూత్రం ‘చోదనాలక్షణోఽర్థో ధర్మః’. వేదంలోని విధివాక్యం (‘ఇది చెయ్యాలి’ అనే మాట) ధర్మాన్ని తెలిపే ప్రమాణం అని దాని భావం, అంటే ఇది జ్ఞాపకహేతువే. పైగా మీమాంసకుల దృష్టిలో వేదానికి కర్తే లేడు, ఇక ఎవరి ఇష్టం ధర్మమవుతుంది? అక్కడ ‘వల్ల’ పెడితే అర్థం చెడుతుంది, ‘కాబట్టి’నే ఉంచండి.