హెల్ప్ తర్వాత ‘టు’ పెట్టాలా, వద్దా?

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాది చదువుతూ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కు ప్రిపేరవుతున్నాను. ‘హెల్ప్’ వచ్చే ఎర్రర్ స్పాటింగ్ ప్రశ్నల్లో తరచూ తప్పుతున్నాను. రెజ్యూమేలో ఈ మాట వాడొచ్చా?

జవాబు: ఈ తప్పు చాలావరకు తెలుగులోంచే వస్తుంది. మనం ‘నాకు సాయం చేశాడు’ అంటాం. ఆ ‘కు’ను ఇంగ్లిష్‌లోకి మోసుకెళ్లి ‘హీ హెల్ప్‌డ్ టు మీ’ అనేస్తాం. ఇంగ్లిష్‌లో సాయం పొందిన మనిషే నేరుగా కర్మ కాబట్టి ‘హీ హెల్ప్‌డ్ మీ’ అంటే చాలు. సపోర్ట్ కూడా అంతే. ‘మై ఫాదర్ సపోర్టెడ్ టు మీ’ ఇంటర్వ్యూల్లో తరచూ వినిపించే తప్పు.

మనిషి తర్వాత క్రియ వస్తే మాత్రం ‘టు’ మీ ఇష్టం. ‘షీ హెల్ప్‌డ్ మీ ఫైండ్ ఎ రూమ్’, ‘షీ హెల్ప్‌డ్ మీ టు ఫైండ్ ఎ రూమ్’ రెండూ ఒప్పే. మీ పరీక్ష తొలి దశ టైర్-1లో తప్పు జవాబుకు అర మార్కు పోతుంది. అందుకే ‘టు’ లేదని అక్కడే ఆగి గుర్తు పెట్టేయకండి, వాక్యం చివరిదాకా చదవండి. కర్మణి వాక్యంలో (ప్యాసివ్ వాయిస్) ‘టు’ వదిలేసే వెసులుబాటు లేదు. ‘హీ వాజ్ హెల్ప్‌డ్ టు స్టాండ్’ అనే రాయాలి.

అభ్యర్థులు ఎక్కువగా పడే గుంట ‘కుడ్ నాట్ హెల్ప్’. ఇక్కడ హెల్ప్‌కు సాయంతో పనే లేదు, ఆపుకోవడం అని అర్థం. ‘ఐ కుడ్ నాట్ హెల్ప్ లాఫింగ్’ అంటే నవ్వు ఆపుకోలేకపోయాను. ‘టు లాఫ్’ తప్పు. ‘కెనాట్ బట్’ తర్వాత మాత్రం ఉత్త ‘లాఫ్’ వస్తుంది. ‘కెనాట్ హెల్ప్ బట్ లాఫ్’ ఇప్పుడు వాడుకలో ఉన్నా పాత గ్రామర్ పుస్తకాలు కొన్ని ఒప్పుకోవు. పరీక్షలో ‘ఇంగ్’ రూపం ఉన్న ఆప్షనే క్షేమం.

అసిస్ట్ తర్వాత పని చెప్పాలంటే ‘ఇన్’ పెట్టి ‘ఇంగ్’ రూపం రాయండి: ‘అసిస్టెడ్ హిమ్ ఇన్ ప్రిపేరింగ్ ద రిపోర్ట్’. నామవాచకమైతే ‘విత్’ కూడా సరిపోతుంది.

రెజ్యూమేలో ‘హెల్ప్‌డ్ ఇన్ ప్రాజెక్ట్’ తప్పని కాదు, దాంతో మీరేం చేశారో తెలియదు. సర్వే ఫారాలు సేకరించి ఎక్సెల్‌లో ఎక్కించారనుకోండి, ‘కలెక్టెడ్ అండ్ ఎంటర్డ్ సర్వే డేటా ఇన్ ఎక్సెల్’ అని రాసి, ఎన్ని ఫారాలో ఆ సంఖ్యా వేయండి.