దనువు పేరున్నంత మాత్రాన దానవులా?

సందేహం: ఐర్లండులోని కెల్టిక్ పురాణకథలను పిల్లల కోసం తెలుగులో రాస్తున్నాను. అక్కడి దేవతలందరినీ కలిపి 'తూఅ డే డానన్' అంటారు. దను అనే దేవతకు చెందినవాళ్లని అర్థం. మనకూ దనువు ఉంది కదా అని 'దానవులు' అన్నాను. మా అన్నయ్య తప్పన్నారు. ఏది సరి? 'లుఘ్' అనే దేవుడి పేరు అలాగే రాయవచ్చా?

సమాధానం: మీ అన్నగారి మాటే సరి. వ్యాకరణం మాత్రం మీ పక్షానే ఉంది. దనువు బిడ్డలు దానవులు. అపత్యార్థంలో, అంటే ఫలానావారి సంతానమనే అర్థంలో, ఆ రూపం నిక్షేపంగా వస్తుంది. కానీ తెలుగులో ఆ మాట దనువు సంతానం దగ్గర ఆగిపోలేదు. హిరణ్యకశిపుడు దితి కొడుకు, అంటే దైత్యుడు. అయినా పోతన ప్రహ్లాదుడు ఆయన్ని 'దానవాగ్రణి' అనే పిలిచాడు. దేవతలకు ఎదురు నిలిచినవాడు ఎవడైనా మనకు దానవుడే. రూఢి అంత బలంగా ఉన్నచోట వ్యుత్పత్తిని పట్టుకుంటే అర్థం తలకిందులవుతుంది.

మీ కథలో జరిగేదీ అదే. అక్కడ దను జనమే దేవతలు. వాళ్లతో యుద్ధానికి వచ్చేవాళ్లు ఫొమోరియన్లు. కన్ను తెరిస్తే చాలు, ఎదుటి సేన కూలిపోయే బాలర్ వాళ్ల నాయకుడు. వడిసెల రాయితో ఆ కన్ను పగలగొట్టిన మనవడే మీరడిగిన దేవుడు. 'దానవులు' అని చదివిన పిల్లవాడు ఎవరి పక్షాన నిలబడాలి?

'తూఅ' అంటే జనం, తెగ. 'డే' మన 'దేవ' శబ్దానికి చుట్టమే. కాబట్టి మొదటిసారి 'దనుదేవి జనం' అనండి, తర్వాత 'వేలుపులు' అనండి. 'దేవతలు' తప్పు కాదు గానీ, ఆ మాట వెంట ఇంద్రుడూ స్వర్గమూ వచ్చేస్తాయి. వీళ్లు ఆ తర్వాత మనుషుల చేతిలో ఓడిపోయాక దిబ్బల కిందకు చేరినవాళ్లు. బోయిన్ నది దగ్గర 5,000 ఏళ్లు దాటిన న్యూగ్రేంజ్ దిబ్బను వేలుపుల పెద్ద దగ్దా ఇల్లని చెప్పుకున్నారు. అచ్చతెలుగు 'వేలుపు' ఆ మట్టి ఇంట్లో చక్కగా ఇముడుతుంది.

చుట్టరికం నిజంగా చూపాలనుకుంటే, కవులు కొలిచిన బ్రిగిడ్ ఉంది. ఆ పేరూ సంస్కృత 'బృహతి' ఒకే మూలం నుంచి వచ్చినవి, ఉన్నతురాలని అర్థం. ఈ సంగతి మీ పుస్తకంలో తప్పక చెప్పండి, నాకెంతో ఇష్టమైనది.

ఇక 'లుఘ్' వద్దు. ఐరిష్ రాతలో 'హెచ్' మన ఒత్తు కాదు, ముందున్న హల్లు మెత్తబడిందనే గుర్తు. ఇప్పటి ఉచ్చారణలో ఆ హల్లు పూర్తిగా జారిపోయి 'లూ' మిగిలింది. ఆయన పండుగ పేరే ఐరిష్‌లో ఆగస్టు నెలకు 'లూనసా' అయింది. 'సంహైన్' అని రాస్తున్న పండుగా అంతే, అది 'సౌన్'. ఒంటి అక్షరానికి విభక్తి చేరిస్తే 'లూకు', 'లూతో' అని ఎబ్బెట్టుగా ఉంటుంది గనక 'లూదేవుడు' అనండి. 'లూదేవుడికి', 'లూదేవుడితో' అని నోరు తిరుగుతుంది.